విప్పి చూసి కొన్న బట్టలు

నల్లగొండలో ఒక బట్టల దుకాణంలో, అద్దం పక్కన నిలబెట్టిన పిల్ల బొమ్మకు మారయ్య లాగు విప్పాడట. అరవై ఆరేళ్ళ మనిషి, పట్టపగలు, పదిమంది చూస్తుండగా. దుకాణం వాళ్ళు నాలుగు తగిలించి బయటికి నెట్టారట. పోలీసులను పిలిచేవాళ్ళే గానీ వెంట మనవరాలు ఉందని జాలిపడి వదిలేశారట.

ఇది మా ఊళ్ళో పుట్టిన కథ. కట్టంగూర్ చేరేసరికి ఆ పిల్ల బొమ్మ ఎదిగి చీర కట్టుకుంది. నకిరేకల్ చేరేసరికి మారయ్య రెండు రోజులు ఠాణాలో ఉండి వచ్చాడు.

కథకు సాక్ష్యం కూడా ఉంది. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. అందులో మారయ్య నేల మీద కూర్చుని ఉంటాడు. ఒళ్ళో గులాబి బుగ్గల బొమ్మ బోర్లా పడి ఉంటుంది. దాని లాగు మడమల దగ్గర ఉంటుంది. దాని చెయ్యి ఒకటి ఊడి మారయ్య చేతిలో ఉంటుంది. ఫోటోకు కుడి అంచున ఆకుపచ్చ చున్నీ కొస ఒకటి కనిపిస్తుంది. అది నాది. ఆ దుకాణంలో జరిగింది మొదటి నుంచి చివరి దాకా చూసిన మా ఊరి మనిషిని నేనొక్కదాన్నే. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పదిమందిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

మారయ్యది మా ఎదురిల్లు. ఆయన నలభై ఏళ్ళు వడ్ల సంచుల మూతులు కుట్టాడు. దబ్బనం, సుతిలి తాడు తప్ప ఆయన చేతిలో మరో పనిముట్టు నేను చూడలేదు. కుట్టడం గొప్ప కాదంటాడు. “మూతి కుట్టుడు ఎవ్వనికైనా వస్తది పిల్లా. ఇప్పేటోనికి తాడు కొస దొర్కాలె. ఒక్క గుంజుడు గుంజితే సంచి నోరు తెర్వాలె. మిల్లు కాడ అడుగుదురు, గీ లారీ ఎవని కుట్టుర అని. మారయ్యది అంటే కత్తి పక్కన వెట్టెటోళ్ళు.” ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. వడ్ల కొనుగోలు కేంద్రానికి కుట్టు మిషన్ వచ్చి, ఆయన పని పోయి మూడేళ్ళయింది. పని పోయింది గానీ మాట పోలేదు.

ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల వస్తువులు ఉంటాయి: సులువుగా విప్పగలిగేవి, విప్పరానివి. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మెడ నుంచి మోకాళ్ళ దాకా గుండీలున్న షేర్వాణీ వేసుకుని కుర్చీలో కూర్చుంటే, మారయ్య ముందు వరసలో నుంచి “గిప్పుడు ఈనికి ఒకటికొస్తే ఎట్ల?” అని గట్టిగా అడిగాడు. పెళ్ళికూతురు నవ్వింది. పెళ్ళికొడుకు వాళ్ళు నవ్వలేదు. అప్పటి నుంచి కొడుకు నరేశ్ ఆయనను పెళ్ళిళ్ళకు తీసుకుపోవడం మానేశాడు.

నరేశ్ బత్తాయి లోడు డీసీఎం వ్యాను నడుపుతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. కోడలు శ్రీవాణి మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. పొద్దున ఏడింటికి బస్సు వస్తుంది, సాయంత్రం నాలుగున్నరకు దింపుతుంది. ఇక మిగిలింది వాళ్ళ పాప హన్విక. ఈ పేరు ఎవరు పెట్టారో గానీ మారయ్య నోరు దానికి ఒక్కసారీ తిరగలేదు. ఆయనకు ఆమె బుడ్డి. మూడేళ్ళు దాటి నాలుగు నెలలు. రెండేళ్ళుగా ఆమెను పగలంతా చూసుకుంటున్నది ఆయనే.

చూసుకుంటున్నాడు అంటే, మధ్యాహ్నం దాకా చూసుకుంటాడు. తిన్నాక బీపీ గోలీ వేసుకుంటాడు, ఆ తర్వాత పక్కన బాంబు పడ్డా లేవడు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆయన గురక పెడుతుండగా బుడ్డి వాకిలి దాటి, చేను గట్టు దాటి, హైవే దాకా నడిచింది. ధాబా దగ్గర ఆగిన లారీ డ్రైవరు ఎత్తుకుని, ఎవరి పిల్ల అని ఇల్లిల్లూ అడుగుతూ తెచ్చి దింపాడు. మారయ్య అప్పటికీ లేవలేదు.

ఆ సాయంత్రం శ్రీవాణి ఏడ్చింది, అరిచింది, చివరికి తేల్చి చెప్పింది. ఆమె తల్లి బక్కమ్మ కోస్గిలో ఉంటుంది. పిల్లను తనకు ఇచ్చేయమని బక్కమ్మ ఎప్పటి నుంచో అడుగుతోంది. మా ఊరి నుంచి కోస్గి అంటే పట్నం దాటి అవతలికి పోవాలి, ఒక పూటంతా బస్సుల్లోనే గడుస్తుంది. పిల్ల అక్కడికి పోతే మారయ్య ఏడాదికి రెండుసార్లు చూస్తాడేమో.

“జూన్‌ల ఇస్కూలుకు తోలుత మామా. అండ్ల ఉంటే ఉంటది. వాళ్ళు వాపసు పంపితే మాత్రం మా అమ్మకాడికే. ఇంక నన్ను మాట అడుగకు” అంది శ్రీవాణి.

మారయ్య అడగలేదు. ఆయన నోరు మూసుకుని ఉండటం నేను చూసింది ఆ ఒక్కరోజే.

హైవే పక్కన ఆ ఏడే ఒక ఇంటర్నేషనల్ ప్లే స్కూలు పెట్టారు. కింద ఎరువుల దుకాణం, పైన ఇంటర్నేషనల్. గోడల మీద ఏనుగులు, జిరాఫీలు నవ్వుతుంటాయి గానీ మెట్లెక్కుతుంటే యూరియా వాసన వస్తుంది. సీటు దొరికాక వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు, కొనాల్సిన బట్టలు, పాటించాల్సిన నియమాలు రాసి. శ్రీవాణికి సెలవు లేదు, నరేశ్ నాగపూర్ రోడ్డు మీద ఉన్నాడు, కాబట్టి కొనే పని మారయ్యకు పడింది. కాగితం చదివే పని నాకు పడింది. తొమ్మిదితో బడి మానేసిన నాకు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా పలుకుతాయి. మారయ్యకు అవి కూడా పలకవు గనుక మా ఇద్దరిలో పండితురాలిని నేనే.

యూనిఫామ్ రెండు జతలు. అది డంగ్రీ. అంటే లాగు, ఛాతీ మీద పలక ఒకే గుడ్డగా ఉంటాయి, భుజాల మీదుగా పట్టీలు వచ్చి ముందు ఇత్తడి బకిల్స్‌లో పడతాయి. సోమవారం దాని మీద కోటు. మార్పిడికి విడి బట్టలు రెండు జతలు. తొమ్మిదో నియమం దగ్గర నేను ఆగిపోయాను. నెలలో మూడుసార్లు బట్టలు తడుపుకున్న పిల్లల సీటు వచ్చే ఏడాదికి మారుతుంది. ఫీజు మాత్రం ఏ ఏడాదికీ మారదు, వాపసూ రాదు.

“ఇంకోపారి సదువు” అన్నాడు మారయ్య.

మళ్ళీ చదివాను.

“మన బుడ్డి తడుపుకోదు గద” అన్నాను.

“ఇంటికాడ తడుపుకోదు.” ఆయన వాకిట్లో ఆడుకుంటున్న పిల్లను చూశాడు. “ఎందుకు తడుపుకోదు? ఎవ్వరికీ జెప్పది, లేస్తది, పోతది, చెడ్డి కిందికి అంటది, కూసుంటది. మల్ల మీదికి అనుకుంటది. లేసిన కాడికెల్లి కూసునే దాక నేను పదిహేను లెక్కవెట్టే లోపల అయిపోతది. నోటితోని మాత్రం అడుగది. సావనన్న సస్తది గాని కొత్తోళ్ళను అడుగది.”

నిజమే. బుడ్డి ఇంటి వాళ్ళతో తప్ప మాట్లాడదు. ఆ విషయంలో నేనూ బుడ్డీ ఒకటే.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. బస్సులో ఆడవాళ్ళకు ఉచితం గనుక ఆధార్ చూపిస్తే నాకు టికెట్ లేదు, బుడ్డికి లేదు. మారయ్య ఒక్కడే కొన్నాడు. నార్కట్‌పల్లిలో బస్సు మారాక కూడా కండక్టరుతో దాని గురించే మాట్లాడాడు. నల్లగొండలో దిగేసరికి బుడ్డి నా భుజం మీద నిద్రపోయింది.

ఆ యూనిఫామ్ ఒక్క దుకాణంలోనే దొరకాలని బడివాళ్ళ ఏర్పాటు. లోపల జాతరలా ఉంది. తల్లులు పిల్లలకు కోట్లు తొడిగి ఫోన్ల ముందు నిలబెడుతున్నారు. “నవ్వు నానా, ఇటు సూడు, నవ్వు” అంటే పిల్లలు ఉక్కకు ఏడుస్తున్నారు. ఒక తండ్రి తన మూడేళ్ళ కొడుకును, పెద్దయ్యాక కలెక్టర్ అవుతావా డాక్టర్ అవుతావా అని అడుగుతున్నాడు. వాడు నీళ్ళు కావాలన్నాడు.

నవీద్ అనే కుర్రవాడు మా దగ్గరికి వచ్చాడు. “ఏ సైజు తాతా?”

“సైజు ఎనక జూద్దాం భాయ్. ఎట్ల ఇప్పాల్నో జెప్పు.”

“ఏంది?”

“తొడుగుడు మేం జూసుకుంటం. తల్లి తొడుగుతది, పావుగంటైనా అడిగేటోడు లేడు. ఇప్పే కాడ తల్లి ఉండది. అందుకే అడుగుతున్న.”

నవీద్ నవ్వాడు. “అందరు ఫోటోల ఎట్ల వడ్తదని అడుగుతరు తాతా. గిట్ల అడిగినోనివి నువ్వొక్కనివే.”

“ఫోటో దిగేటప్పుడు ఒకటికి రాదు గద.”

మా బుడ్డికి సరిపోయే కొలత ఆ పూటకు బొమ్మ ఒంటి మీదే ఉంది. గోదాము నుంచి ఇంకో కట్ట వచ్చే దాకా ఆగమన్నాడు నవీద్. మారయ్య ఆగే మనిషా? బొమ్మ ముందు కూర్చున్నాడు. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఎడమ చేతి మూడు వేళ్ళు మడిచాడు. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి.

“గిదేంది తాతా?” అన్నాడు నవీద్.

“దాని చేతుల ఉన్న బలమే పెట్టాలె గద. నా బలం పెడితే బొమ్మ మిగులుతదా?”

పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పదిహేను దగ్గర బకిల్ కదలలేదు. ఇరవై దగ్గర పక్కన ఉన్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. ముప్పై దగ్గర దుకాణం యజమాని గల్లా మీద నుంచి లేచాడు. “ఇరవైకే పని అయిపాయె. గిప్పటికి చెరువు నిండింది” అన్నాడు మారయ్య, లెక్క ఆపకుండా. నలభై మూడు దగ్గర ఒక పట్టీ ఊడింది. రెండోదాన్ని రెండు వేళ్ళతో గుంజాడు. బొమ్మ ముందుకు వంగింది, ఆయన పట్టుకోబోయాడు, చెయ్యి ఊడి వచ్చింది, బొమ్మ ఒళ్ళో పడింది, లాగు జారింది. ఎవరో ఫోన్ ఎత్తారు. జరిగింది ఇంతే.

కొట్టడం, నెట్టడం ఏమీ లేవు. నవీద్ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, బొమ్మను నిలబెట్టి చెయ్యి బిగించాడు. యజమాని మాత్రం “కొనేటట్టుంటే కొను పెద్దమనిషి, బొమ్మతోని ఆటలేంది?” అన్నాడు. మారయ్యకు కోపం వచ్చింది. “నీ డంగ్రీ తొడుక్కొని నువ్వొకపారి ఉరుకు సేటూ. సూద్దాం” అన్నాడు. యజమాని ఒళ్ళు చూసి ఆడవాళ్ళు నవ్వారు. దాన్ని మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు.

కట్ట వచ్చాక రెండు డంగ్రీలు కొన్నాడు, కొనక తప్పదు గనుక. ఇక విడి బట్టలు. చెడ్డీలు చూపిస్తే నాడాలున్నవి పక్కకు తోశాడు, ముడి పడితే తనకే రాదన్నాడు. జరీ పూలున్నవి తోశాడు. నడుము దగ్గర పట్టీ వెడల్పుగా ఉన్న నూలువి నాలుగు తీసి, ఒక్కొక్కదాన్ని తన మోచేతికి ఎక్కించుకుని, జబ్బల దాకా చెడ్డీలతో పది నిమిషాలు దుకాణంలో తిరిగాడు. తర్వాత తీసి చర్మం మీద గీత పడిందేమో చూశాడు. గీత పడ్డది ఒకటి వాపసు ఇచ్చాడు. నేను బుడ్డిని అడ్డం పెట్టుకుని, ఈయన ఎవరో నాకు తెలియదన్నట్టు సాక్సులు చూస్తూ నిలబడ్డాను. చివరికి నవీద్‌నే అడిగి, వెనక గల్లీలో డంగ్రీ రంగు గుడ్డ ఒకటిన్నర మీటరు, ఎలాస్టిక్ ఒక చుట్ట కొన్నాడు.

మేము ఊళ్ళో దిగేసరికి ఫోటో మాకంటే ముందే దిగింది. మూల మీద కిరాణం నడిపే సైదమ్మ ఎదురొచ్చింది. ఆమె మనవడు రియాన్ష్ కూడా అదే బడిలో అదే తరగతిలో చేరుతున్నాడు.

“ఓ మారయ్యన్నా, నల్లగొండల మస్తు పేరు దెచ్చినవట గద ఊరికి!”

“ఏం పేరు?”

“ఏమో తీయ్. మేం జెప్తే ఏం బాగుంటది? ఆడోళ్ళం.” ఆ తర్వాత ఆమె చెప్పనిది ఒక్క ముక్క లేదు. దెబ్బలు, పోలీసులు, అన్నీ నిలబడ్డ చోటే కలిపింది. నేను పక్కనే ఉన్నాను. “కాదు” అనే రెండక్షరాలు గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి.

శ్రీవాణి ఫోటో కంపెనీలోనే చూసింది. ప్యాకింగ్ బెంచీ మీద అందరూ చూశారు.  ఇంటికి వచ్చి మామ ముందు కంచం పెట్టి, “మా అమ్మ ఫోన్ జేసింది. ఐతారం వస్తదట” అని మాత్రం అంది. ఆ రాత్రి మారయ్య సగం అన్నం వదిలేశాడు.

బక్కమ్మ ఆదివారం పొద్దునే దిగింది. గట్టి మనిషి. వస్తూనే, “ఏం అన్నా, మతి ఎట్లుంది?” అని అడిగింది, దగ్గు ఎట్లుంది అన్నట్టు. అల్లుడికీ బిడ్డకూ నెల గడువు ఇచ్చింది. నెల ఇక్కడే ఉండి చూస్తానంది. పిల్ల బడిలో నిలబడితే మంచిదే, లేకపోతే తనతో పాటు కోస్గి బస్సు ఎక్కుతుంది. “నా కాడ ముగ్గురు పోరగాళ్ళున్నరు, నలుగురైతరు. బర్లు, బాయి, పెరడు. గీడ ఏమున్నది? ఓ రోడ్డు, ఓ ముసలాయన.”

 మారయ్య లోపలికి పోయి కొత్త డంగ్రీ తెచ్చి, అరుగు మీద పరిచి, నడుము దగ్గర కత్తెర పెట్టాడు.

“మామా!” శ్రీవాణి కేక వీధి చివరికి వినిపించింది.

“చూసినవా బిడ్డా? నేననలే?” అంది బక్కమ్మ, చాలా తృప్తిగా.

ఆయన రెండు రోజులు కుట్టాడు. దబ్బనం పట్టిన చేతికి సన్న సూది చిక్కదు. రెండుసార్లు వేలు పొడుచుకున్నాడు, ఒకసారి సూది పోగొట్టి ఇల్లంతా చెప్పులు వేసుకుని నడవమన్నాడు. కొలతల కోసం బుడ్డిని నిలబెడితే కత్తెర ఎత్తుకుని పారిపోయింది. చివరికి తయారైంది ఇది: ఛాతీ పలకనూ పట్టీలనూ చొక్కాకే కుట్టేశాడు, బకిల్స్ ఊరికే మెరుస్తుంటాయి. లాగు విడిగా తీసి నడుముకు ఎలాస్టిక్ ఎక్కించాడు. పలక అంచు దాని మీదికి వేలాడుతుంది గనుక చూసేవాళ్ళకు అతుకు తెలియదు. కొన్న గుడ్డతో అదే రంగు లాగులు ఇంకో రెండు కుట్టాడు. కుట్లు మాత్రం, నిజం చెప్పాలంటే, వడ్ల సంచి మూతి లాగే ఉన్నాయి. రెండు గజాల దూరం నుంచి లెక్కపెట్టవచ్చు.

బుడ్డికి తొడిగారు. మారయ్య లెక్క మొదలుపెట్టాడు. తొమ్మిది దగ్గర పిల్ల కూర్చుంది. బక్కమ్మ చూసింది.

బడి తెరిచే రోజు మా ఊరి మూల మీద ఫ్లెక్సీ లేచింది. అందులో రియాన్ష్ డంగ్రీ, కోటు, మెడకు బో, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కింద శుభాకాంక్షలు చెబుతూ పద్నాలుగు మంది ఫోటోలున్నాయి. వాళ్ళలో ముగ్గురు వచ్చే పంచాయితీ ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నవాళ్ళు. ఏమి సాధించాడని అడిగితే, వాడు నర్సరీకి పోతున్నాడు.

మొదటి రోజు కాబట్టి పెద్దవాళ్ళను గంటసేపు వరండాలో ఉండనిచ్చారు. శ్రీవాణి డ్యూటీకి పోయింది. మారయ్య, బక్కమ్మ, సంచి మోయడానికి నేను పోయాం. మేడం గుమ్మం దగ్గర ఒక్కొక్క పిల్లను నవ్వుతూ లోపలికి పంపుతోంది. బుడ్డి దగ్గరకు రాగానే నవ్వు ఆగింది. కుట్లు చూసింది.

“ఇది మా యూనిఫామ్ కాదండీ.”

“మీదే మేడం. ముంగట మొత్తం మీదే. నడుం కాడ జరంత మాది.”

“అలా కట్ చేయకూడదు. ఇంటర్నేషనల్ ప్యాటర్న్ అది. మా పిల్లలందరూ ఒకేలా కనిపించాలి.”

“కనిపిస్తనే ఉన్నది గద! కుట్టు కనిపిస్తుందంటే నల్ల దారం ఎక్కిస్త.”

“రేపటి నుంచి కొత్తది వేసి పంపండి. లేకపోతే లోపలికి రానివ్వం.”

బక్కమ్మ మారయ్య వైపు చూసింది. ఆ చూపులో కోస్గి బస్సు టైము కూడా ఉంది. మారయ్య బుడ్డి పలక అంచు కిందికి లాగి, ఆ ఒక్క పూటకు ఆమెను లోపలికి పంపాడు. నేను సంచి పట్టీ గట్టిగా పట్టుకున్నాను. ఒక నిమిషం పాటు మేము ముగ్గురం అక్కడే, గోడ మీది ఏనుగుల కింద, నేరం చేసినవాళ్ళలా నిలబడి ఉన్నాం.

అంతలో లోపల గోల మొదలైంది. పంతొమ్మిది మంది పిల్లలు, ఒక్క ఆయా. పొద్దున్న బుద్ధిగా ఉండమని ప్రతి ఇంట్లో పాలు పట్టి, జ్యూస్ పట్టి పంపారు. ఒకడు లేచి కాళ్ళు ముడుచుకున్నాడు, వాణ్ణి చూసి ఇద్దరు లేచారు. ఆయా ఒక బకిల్‌తో పెనుగులాడుతుండగానే రెండోవాడి కింద మడుగైంది. మూడోవాడు రియాన్ష్. కోటు విప్పాలి, బో తియ్యాలి, అప్పటికి గానీ పట్టీలు రావు. వరండాలో నుంచి సైదమ్మ “ఆపుకో నానా, ఆపుకో, తాత ఖాళీ సీస తెస్తుండు” అని అరుస్తోంది. వాడు ఆమె మాట వినలేదు. నల్లద్దాలు మాత్రం కళ్ళ మీదే ఉన్నాయి.

ఆ గోలలో బుడ్డి లేచింది. ఎవరినీ అడగలేదు. గోడ వెంట నడిచి, చివరన ఉన్న చిన్న తలుపు తోసుకుని పోయింది. కాసేపటికి వచ్చింది, లాగు పైకి లాక్కుంటూ. పలక ఒక పక్క లోపలికి పోయింది, సర్దుకోలేదు. తన చోట కూర్చుని మళ్ళీ దిమ్మెలు పేర్చుకుంది.

మేడం చూసింది. “హన్వికా, వాష్‌రూమ్‌కు పోయేటప్పుడు ‘మే ఐ గో’ అని అడగాలమ్మా” అంది.

ఆయా మోకాళ్ళ మీద నుంచి లేచింది. నడుం పట్టుకుంది. ఆమె చేతులు, కొంగు తడిసి ఉన్నాయి. “మేడం, గీ పిల్లను గిట్లనే రానియ్యిరి. లేకుంటే రేపటికెల్లి మీరే ఇప్పుకోరి. నేనైతే రాను.”

మేడం తడిసిన నేలను చూసింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ జీతానికి ఇంకో ఆయా దొరకదని ఆమెకు తెలుసు. “నల్ల దారంతో నీట్‌గా కుట్టించండి” అని లోపలికి పోయింది. మారయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. లేవడానికి నేనూ బక్కమ్మా చెరో రెక్కా పట్టాల్సి వచ్చింది.

ఆ వారంలో సైదమ్మ మనవడి లెక్కలో తడుపుళ్ళు రెండు పడ్డాయి, మూడోది పడితే సీటు పోతుంది. శనివారం చీకటి పడుతుండగా ఆమె కొంగు కింద ఏదో దాచుకుని మారయ్య వాకిట్లోకి వచ్చింది. నేను మా అరుగు మీద ఉన్నాను, చూడలేదనుకుంది.

“అన్నా, జర గీ డంగ్రీ సూడు. మీ బుడ్డిది కుట్టినట్టే.”

“బొమ్మకు లాగు ఇప్పినోని కాడికి ఎందుకొచ్చినవ్ సైదమ్మా?”

“ఎహె, నేనన్ననా? ఎవరో అన్నరు. లోకం నోరు మూస్తమా?”

“మూతి కుట్టుడే గద నా పని. కూసో.”

కుట్టిచ్చాడు. ఆ నెలలో ఇంకో ఆరుగురు అలాగే చీకటి పడ్డాకే వచ్చారు. కుట్టించుకున్న వాళ్ళెవరూ బొమ్మ కథ చెప్పడం మానలేదు. పైగా, మారయ్యను అంత దగ్గరగా చూసినవాళ్ళం కదా అని ఇంకా నమ్మకంగా చెప్పసాగారు. దసరా తర్వాత బడివాళ్ళు ‘ఈజీ డంగ్రీ’ అని కొత్త రకం తెచ్చారు. నడుముకు ఎలాస్టిక్, పలక విడిగా, మామూలు దానికంటే ధర ఎక్కువ. విదేశాల్లో పిల్లల మీద పరిశోధన చేసి తయారు చేసిన నమూనా అని మేడం తల్లిదండ్రుల మీటింగులో చెప్పింది. మారయ్య ఆ మీటింగులో వెనక వరసలో ఉన్నాడు. పక్కన కూర్చున్న వాళ్ళ పిల్లవాడి లాగు పట్టుకుని, ఎలాస్టిక్ లాగి చూసి, “గట్టిగున్నది, గీత వడ్తది” అన్నాడట. ఇప్పుడు ఊళ్ళో దాని మీద ఇంకో కథ నడుస్తోంది.

బక్కమ్మ దసరాకు చాలా ముందే, తను పెట్టిన గడువు ప్రకారం సరిగ్గా నెలకు బయల్దేరింది. బస్సు దగ్గర బుడ్డి తాత వేలు పట్టుకుని నిలబడింది. “ఒక్కనాడన్న తడుపుకొని రాకపాయె పోరి” అని బక్కమ్మ కొంచెం కోపంగానే అంది, పిల్ల నెత్తి ముద్దు పెట్టుకుంది, ఒక్కతే ఎక్కింది.

ఆ నెలలో బడివాళ్ళు హన్వికను ఇంటికి పంపింది ఒక్కసారే. ఆ రోజు ఆమెకు జ్వరం. లాగు పొడిగానే ఉంది.